చుక్క సంగతి

భర్త ఉన్నట్టుండి సంతోషంగా కనిపిస్తే ఏ ఇల్లాలైనా సంతోషించాలి. టైలరమ్మ మాత్రం మిషను ఆపి, కళ్ళజోడు పైనుంచి ఆయన్ని ఎగాదిగా చూసింది. ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఈల వేస్తున్నాడు. సబ్బు నురగ మూతికి అంటుకున్నా ఈల ఆగడం లేదు.

"ఏంటి సంగతి?" అంది.

"సంగతేముంది? క్రిస్మస్ వస్తోందిగా."

"క్రిస్మస్ ఊరందరికీ వస్తోంది. మీ ఒక్కరికే ఈల వచ్చిందేం?"

ఆయన నవ్వేసి మొహం కడుక్కున్నాడు. ఆ నవ్వు ఆమెకి అస్సలు నచ్చలేదు. జవాబు చెప్పకుండా నవ్వే మగవాణ్ణి నమ్మడం ఆమె ఎప్పుడో మానేసింది.

మానేయడానికి కారణం ఉంది. ఆయన బజారులో బోర్డులు రాసే పెయింటరు. చెయ్యి తిరిగినవాడు. ఒకప్పుడు ఆ బజారులో ఆయన అక్షరం లేని కొట్టు లేదు. ఫ్లెక్సులు వచ్చాక బ్రష్షు ఎండిపోయింది, గొంతు తడవడం మొదలైంది. సాయంత్రం వెళ్ళినవాడు తన కాళ్ళ మీద తను తిరిగి రాని రోజులు చాలా నడిచాయి. చివరికి ఒకనాడు టైలరమ్మ అటక మీద సూట్‌కేసు దించి, బట్టలు సర్ది, గుమ్మంలో పెట్టి ఆ మాట అనేసింది: "ఇంకొక్క చుక్క నోట్లో పడిందని తెలిసిన రోజు నేను మా అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతా. మళ్ళీ రాను. మీ అమ్మగారికి అన్నం మీరే వండి పెట్టుకోండి."

ఊరికే బెదిరించడానికి అన్న మాట కాదది. ఆయనకీ తెలుసు. ఆ రోజే మానేశాడు. ఏడాది దాటింది. సూట్‌కేసు అటకెక్కింది గానీ, అందులోని బట్టలు మాత్రం ఆమె ఇంతవరకూ తియ్యలేదు.

పెయింటరు భార్యకున్న కష్టం ఇంకెవరికీ రాకూడదు. మిగతా ఆడవాళ్ళు ముక్కుతో తేల్చుకునే విషయం ఆమె ముక్కుకి అందదు. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి టర్పెంటైను, థిన్నరు, వార్నీషు అన్నీ కలిసి ముందే లోపలికి వచ్చేస్తాయి. ఆ వాసనల వెనక ఇంకో వాసన దాక్కుందో లేదో ఎవరు చెప్పగలరు? కాబట్టి ఆమె ముక్కుని పక్కనపెట్టి, కళ్ళనీ చెవులనీ నమ్ముకుంది. కళ్ళకీ చెవులకీ ఆ వారం చేతినిండా పని దొరికింది.

మొదట బజారులో. కుట్టిన జాకెట్లు బట్టల కొట్లో ఇవ్వడానికి వెళ్తూ ఆమె అద్దాలన్నీ చూసుకుంటూ నడిచింది. చిన్న బజారది, రెండు చూపుల్లో అయిపోతుంది. ఆ వారం మాత్రం అడుగడుక్కీ ఏదో ఒకటి మెరుస్తూ కాళ్ళకి అడ్డం పడుతోంది. మందుల షాపాయన సొంత దూదే కాబట్టి చెయ్యి వెనకాడకుండా మెట్ల మీద కూడా మంచు పరిచేశాడు. బేకరీ వాకిట్లో గంటలు వేలాడుతున్నాయి. చెప్పుల షాపు ముందు నిలబెట్టిన ప్లాస్టిక్ క్రిస్మస్ తాతకి షాపులో అమ్మే బూట్లే తొడిగారు, లేబుల్ కూడా తియ్యలేదు. అన్ని అద్దాల మీదా తెల్ల రంగుతో మంచు, ఇళ్ళు, జింకలు. అవన్నీ ఆమె భర్త చేతి పని. పండగ అలంకరణకి ఫ్లెక్సు కన్నా చేత్తో వేసిందే బావుంటుందని ఈ ఏడాది బజారు వాళ్ళకి బుద్ధి పుట్టింది.

చెప్పుల షాపు అద్దం దగ్గర ఆమె ఆగిపోయింది. జింక నవ్వుతోంది. మర్యాదకి నవ్వడం కాదు, పక్క జింకతో ఏదో గుట్టు చెప్పి పళ్ళికిలిస్తోంది. ఇన్నేళ్ళలో ఆయన వేసిన జంతువేదీ నవ్వలేదు. పాల డెయిరీ బోర్డు మీద ఆయన వేసిన ఆవు ఇప్పటికీ పరీక్ష తప్పినట్టు దిగులుగా ఉంటుంది. మంచి మనిషిగా ఉన్న రోజుల్లో కూడా నవ్వని జంతువులు ఇప్పుడెందుకు నవ్వుతున్నాయి? ఇంత హుషారు ఊరికే రాదు, ఏదో లోపల పడితేనే వస్తుందని ఆమె గట్టిగా అనుకుంది.

తర్వాత ఇంట్లో. వంటగదిలో స్టీలు గ్లాసు కనిపించలేదు. ఆయన వెనకటికి వాడుకున్న గ్లాసే అది. మైదా డబ్బా ఊడ్చినట్టు ఖాళీ. అన్నిటికన్నా వింత, అత్తగారు మధ్యాహ్నాలు గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. ఎండలో కూడా చల్లగాలి కావాలంటూ కిటికీ పక్కన కూర్చునే మనిషి ఆవిడ. ఆవిడకి తలుపు వేసుకునే అవసరం ఏముంటుంది?

"అత్తయ్యా, స్టీలు గ్లాసు చూశారా?"

"ఏ గ్లాసే?"

"మీ అబ్బాయి గ్లాసు."

"వాడి గ్లాసు వాణ్ణి అడగాలి. నేనేమన్నా గ్లాసులకి కాపలానా?" అంది అత్తగారు, చీర కొంగు కింద ఏదో దాచుకుంటూ. కొంగు కింద నుంచి ఏదో తళుక్కుమని మెరిసి మాయమైంది. సీసా మూతకి చుట్టే రేకులా అనిపించింది టైలరమ్మకి. తల్లీకొడుకులు ఒకటైపోయారన్నమాట. పరాయి ఇంటి నుంచి వచ్చింది తనొక్కతే.

ఇక కరెంటు బావ. ఈయన్ని గురించి కొంచెం చెప్పుకోవాలి. కింది వాటాలో ఉంటాడు. ఇళ్ళకి వైరింగు చేస్తాడు. పెయింటరుకి ప్రాణస్నేహితుడు, ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. ఆ వరసలో టైలరమ్మకి అన్నయ్య అయ్యాడు. మనిషి మంచివాడే గానీ మాట్లాడే తీరు వేరు. స్విచ్చిని మీట అంటాడు, స్టూలుని ఎత్తుపీట అంటాడు. అదేదో పాతకాలపు పట్టుదల అనుకుని ఎవరూ అడగలేదు. వెనకటి రోజుల్లో పెయింటరు భుజం కింద చెయ్యి వేసి, మెట్లన్నీ ఎక్కించి, గుమ్మంలో అప్పజెప్పి పోయేది ఈయనే. అప్పజెప్పేవాడు కూడా తిన్నగా నిలబడేవాడు కాదు. ఇద్దరూ ఒకేసారి మానేశారు. ఒకేసారి మళ్ళీ మొదలుపెట్టరని రాసిచ్చిందెవరు?

బిల్డింగు అలంకరణ పని ఆయనదే. మెట్ల కింద గోనెసంచీలో ఏడాదంతా నిద్రపోయే ప్లాస్టిక్ చెట్టుని లేపి, దులిపి, వాకిట్లో నిలబెట్టాడు. మెట్ల కమ్మీల పొడుగునా లైట్ల దండలు చుట్టాడు. ఆరుతూ వెలుగుతూ ఉండాలని పై అంతస్తు వాళ్ళూ, నిలకడగా ఉంటేనే కళ్ళకి హాయి అని కింది వాళ్ళూ పోట్లాడుకుంటే, పై మెట్లకి ఆరే దండలు, కింది మెట్లకి ఆరని దండలు పెట్టి అందరి నోళ్ళూ మూయించాడు. అంతా బాగానే ఉంది. కానీ దండలు చుట్టడం అయిపోయినా ఆయన రోజూ సాయంత్రం మేడ మీదికి ఎందుకు వెళ్తున్నాడు? పెయింటరు ఆయన వెనకాలే ఎందుకు వెళ్తున్నాడు?

ఆ ప్రశ్నకి జవాబు ఆమె వెతుక్కుంటూ వెళ్ళలేదు. ఆరిన బట్టలు తేవడానికి మేడ మెట్లెక్కుతుంటే అదే చెవిన పడింది. మేడ తలుపు ఓరగా వేసి ఉంది. అవతలి నుంచి కరెంటు బావ గొంతు.

"ఏడాదైపోయింది బావా. ఈసారి చుక్క పడాల్సిందే. అది కూడా చిన్నది కాదు, పెద్దది."

"మెల్లగా. చుక్క సంగతి మా ఆవిడ చెవిన పడిందంటే అయిపోయాం. చచ్చినా ఎక్కనివ్వదు."

"ఆమెకి తెలిసేలోపు ఎక్కేస్తే సరి."

"ఎక్కడానికేముందిలే. ఎక్కాక దిగేదాకానే భయం. నువ్వు పక్కన ఉండాలి."

"ఎందుకుండను? వెనకోసారి నేను పట్టుకోబట్టేగా నువ్వు పడలేదు!"

ఇద్దరూ నవ్వుకున్నారు. టైలరమ్మకి ఇంకేం మిగిలింది వినడానికి? బట్టల సంగతి మర్చిపోయి, చప్పుడు లేకుండా దిగిపోయింది. మెట్ల మీద లైట్లు ఆరుతూ వెలుగుతూ ఆమె దారిని ఒకసారి చూపించి ఒకసారి దాచేశాయి.

నేరుగా ఆయన్నే అడిగేయొచ్చు కదా అని ఎవరైనా అంటారు. అనడానికి తేలికే. అడిగితే ఆయన లేదంటాడు. వెనక కూడా గోడ పట్టుకుని నిలబడి లేదనే అన్నాడు. ఆ "లేదు" వినడం ఆమెకి తాగుడు కన్నా కష్టంగా ఉండేది. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన రెండోసారి అన్నం పెట్టించుకుని వంట బాగుందన్నాడు. ఆమెకి ఏడుపొచ్చింది. ఏడాదిపాటు కొంచెం కొంచెంగా కట్టుకున్న సంసారం మళ్ళీ కూలుతుంటే, కూల్చేవాడే వంట మెచ్చుకుంటున్నాడు. ఆమెకి ఆయనంటే ఇష్టం. అసలు బాధంతా అదే. ఇష్టం లేకపోతే ఎప్పుడో వెళ్ళిపోయి ఉండేది.

మర్నాడు మిగిలిన జాకెట్లు ఇవ్వడానికి బట్టల కొట్టుకి వెళ్ళింది. కొట్టాయన బజారు సంఘానికి ప్రెసిడెంటు. లావుపాటి మనిషి, మెత్తటి మాట. అద్దం లోపల పట్టుచీర కట్టిన బొమ్మ నెత్తిన ఎర్ర టోపీ పెట్టిస్తూ హడావిడిగా ఉన్నాడు.

"రా అమ్మా. మీ ఆయన పని చూస్తుంటే కడుపు నిండిపోతోంది. ఆయన్ని ఇంకో పెద్ద పనికి ఎక్కిస్తున్నాం తెలుసా? కూడలిలో గడియారం స్తంభం మీద స్టార్ పెట్టాలి. అంత ఎత్తు ఎక్కే ధైర్యం ఆయనకొక్కడికే ఉంది. కిందటేడు ఎవరూ ముందుకి రాక స్తంభం బోసిగా ఉండిపోయింది."

టైలరమ్మ చేతిలోంచి జాకెట్ల సంచీ జారింది. గడియారం స్తంభం! తల వెనక్కి వంచితే తప్ప కొస కనిపించదు. దాని మీదికి, కడుపులో చుక్కేసుకున్న మనిషిని ఎక్కిస్తారా?

"వద్దండీ" అంది. "ఆయన్ని ఎక్కించకండి."

"ఎందుకమ్మా?"

చెప్పకూడదని ఆమెకి తెలుసు. గడప దాటితే ఆ మాట ఇంక తమది కాదనీ తెలుసు. కానీ స్తంభం మీదినుంచి పడుతున్న మనిషి ఆమె కళ్ళముందు కనిపిస్తున్నాడు.

"మళ్ళీ మొదలుపెట్టారు" అంది మెల్లగా. "నా చెవులతో విన్నాను. దయచేసి నేను చెప్పానని చెప్పకండి."

ప్రెసిడెంటు గారు బొమ్మ నెత్తిన టోపీ వదిలేశాడు. "నిన్న కూడా నాతో ఎంత బాగా మాట్లాడాడు!" అన్నాడు ఆశ్చర్యంగా. అంతలోనే, "అవునులే, కొంచెం ఎక్కువగానే మాట్లాడాడు" అన్నాడు.

ఆ సాయంత్రం పెయింటరు తొందరగా ఇంటికి వచ్చాడు. ఈల లేదు. చొక్కా మార్చుకుని, తల్లి పక్కన కూర్చుని గోడకేసి చూస్తున్నాడు. అనుమానం నిజమని తేలినవాళ్ళకి ఒక రకం తృప్తి ఉండాలి. టైలరమ్మకి అదీ దక్కలేదు. మిషను మీద కుట్టిన కుట్టే మళ్ళీ కుడుతూ ఓరకంట చూస్తోంది. తూలుతున్నాడా? లేదు. మాట ముద్దగా ఉందా? మాటే లేదు.

"ఏరా, ఒంట్లో బాలేదా?" అంది అత్తగారు.

"బానే ఉందమ్మా. ఆ పని ఇంక లేదు. దూరం నుంచి క్రేను తెప్పిస్తారంట."

"అదేంట్రా! మరి మనం ఇంత కష్టపడి..." అంటూ ఆవిడ కోడలి వైపు చూసి నాలుక్కరుచుకుంది.

అంతలో తలుపు దగ్గర కరెంటు బావ. లోపలికి రాకుండా టైలరమ్మని సైగ చేసి పిలిచాడు.

"చెల్లెమ్మా, బావకి చెప్పు. చుక్క మేడ మీదే ఉండిపోయింది. మంచు పడితే పాడైపోద్ది. దాన్నేం చెయ్యమంటాడో అడుగు."

ఆమె ఒళ్ళు మండిపోయింది. సిగ్గు లేకుండా తనతోనే చెప్పి పంపుతున్నాడు! "నేనే చేస్తాను దాన్ని చెయ్యాల్సింది" అని చీపురు తిరగేసి పట్టుకుని మేడ మెట్లెక్కింది. సీసా ఒకటున్నా పదున్నా పగలగొట్టి కింద పారేయాలి. కరెంటు బావ "అయ్యో, చెల్లెమ్మా, మెల్లగా, చిరిగిపోద్ది" అంటూ వెనకాలే పరిగెత్తాడు. చిరగడమేంటి సీసా, అని కూడా ఆమెకి తోచలేదు.

తలుపు తోసింది. మేడ మీద నీళ్ళ ట్యాంకుకి ఆనించి, ఆమె కన్నా ఎత్తుగా, నక్షత్రం నిలబడి ఉంది. సన్నటి ఇనుప బద్దలతో చట్రం, దాని మీద బంగారు రంగు కాగితం, అంచుల పొడుగునా చేత్తో వేసిన ఎర్రటి తీగెలు. ఒక్కో కొసలో ఒక్కో బల్బు. పక్కనే స్టీలు గ్లాసు, అందులో గడ్డకట్టిన మైదా జిగురు. అత్తగారి కొంగు కింద మెరిసిన కాగితం ముక్కలు నేల మీద పడి ఉన్నాయి.

"చుక్క ఏది?" అంది, చీపురు దించకుండానే.

"ఇదేగా!" అన్నాడు కరెంటు బావ.

"ఇది స్టార్ కదా అన్నయ్యా."

ఆయన మొహం ఎర్రబడింది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకా మాట నోరు తిరగదు చెల్లెమ్మా. ఇస్టారు అని వస్తది. చిన్నప్పుడు పని నేర్చుకునే షాపులో ఇస్టారు అన్నానని, ఏమిస్తారు, ఎంతిస్తారు అని బజారంతా ఏడిపించారు. అప్పట్నుంచీ చుక్క అనే అంటా. నన్ను చూసి బావ కూడా అలాగే అంటాడు, నేను చిన్నబోకుండా."

"మరి ఎక్కనివ్వదన్నారు. ఎక్కాక దిగేదాకా భయమన్నారు."

"గడియారం మీదికి ఎక్కనిస్తావా నువ్వు? కుర్చీ ఎక్కి బల్బు మార్చినా దిగమని అరుస్తావుగా!"

టైలరమ్మ చీపురు కింద పెట్టి ట్యాంకు గట్టు మీద కూర్చుండిపోయింది. తను ఇంతసేపూ దేని మీద అనుమానపడిందో అప్పుడు అర్థమైంది. ఆయన తాగలేదు. ఆయనకి పని దొరికింది. చాలా రోజుల తర్వాత చేతి పని, ఊరంతా తలెత్తి చూసే పని. అందుకే ఈల వేశాడు, అందుకే జింక నవ్వింది. ఆ పనిని తను నోటి మాటతో లాగేసింది.

కాళ్ళకి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బట్టల కొట్టుకి వెళ్ళింది. ఒక్క గుక్కలో అంతా చెప్పేసింది. చుక్క, స్టార్, మైదా, గ్లాసు. ప్రెసిడెంటు గారు మెత్తగా నవ్వుతూ విన్నాడు. ఆ మెత్తదనం చూస్తేనే ఆయన నమ్మలేదని ఆమెకి తెలిసిపోయింది.

"అమ్మా, పొద్దున తాగుతున్నాడన్నావు, నమ్మాను. సాయంత్రం తాగట్లేదంటున్నావు. ఏది నమ్మమంటావు? ఇంటికి వెళ్ళాక ఆయన నిన్ను ఏమన్నా అన్నాడా? భయపడకు, చెప్పు."

"ఏమీ అనలేదండీ. ఆయనకి నేను చెప్పినట్టే తెలీదు."

"మొగుణ్ణి కాపాడుకోవడానికి ఆడవాళ్ళు ఎన్ని కథలైనా చెప్తారు. తప్పుపట్టను. అయినా చుక్క అంటే స్టార్ అని ఎవరంటారమ్మా ఈ రోజుల్లో?"

దానికి ఆమె దగ్గర జవాబు ఉంది. చెప్పిందే చెప్పింది. చెప్పేకొద్దీ అబద్ధంలాగే వినిపించింది, ఆమెకి కూడా. కొట్లో గుమాస్తాలు మడతలు పెట్టడం ఆపి వింటున్నారు. పొద్దున మాట అప్పుడే బజారు దాటేసినట్టుంది. బేకరీ ఆయన గుమ్మంలో నిలబడి, "జింకని చూసినప్పుడే అనుకున్నా" అని ఎవరితోనో అంటున్నాడు. తన అనుమానాన్ని పరాయి నోట వింటే ఎంత నీచంగా ఉంటుందో టైలరమ్మకి తెలిసొచ్చింది. ఆ బేకరీ ఆయన్ని పట్టుకుని దులిపేయాలనిపించింది. కానీ మొన్న అదే జింక ముందు నిలబడి అదే మాట అనుకున్నది తనే.

ఆమె కదలకపోవడం చూసి ప్రెసిడెంటు గారు చేతులు తుడుచుకున్నాడు.

"సరే, ఒక పని చేద్దాం. క్రేను ఇంకా బయల్దేరలేదు. మీ ఆయన రేపు ఎక్కొచ్చు. కానీ కింద నిచ్చెన నువ్వు పట్టుకోవాలి. పడితే నీ మీదే పడాలి. తాగినవాడి నిచ్చెన కింద పెళ్ళాం నిలబడదు. నువ్వు నిలబడితే నమ్ముతాను."

తిరిగి వచ్చేసరికి పెయింటరు బిల్డింగు వాకిట్లో ప్లాస్టిక్ చెట్టు పక్కన మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె ఆయన పక్కన కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఉన్నదున్నట్టు అనేసింది.

"ప్రెసిడెంటు గారికి చెప్పింది నేనే."

"తెలుసు" అన్నాడు.

"ఆయన చెప్పారా?"

"చెప్పలేదు. ఇంట్లో వాళ్ళ మాట కూడా వినాలి కదయ్యా అన్నాడు. మా అమ్మ కొట్టుదాకా నడవలేదు. ఇంక మిగిలింది నువ్వేగా."

"మరి నన్ను అడగలేదేం?"

"నువ్వు నన్ను అడిగావా?"

"అడిగితే లేదనేవారు."

"లేదు కాబట్టి లేదనేవాణ్ణి."

"తాగిన రోజుల్లో కూడా లేదనే అన్నారుగా."

ఆయన చెట్టు మీదినుంచి రాలిన ప్లాస్టిక్ ఆకుల్ని కాలితో ఒక పక్కకి నెట్టాడు. "అదీ నిజమే" అన్నాడు చివరికి. "సాయంత్రం వస్తూ మందు షాపు ముందు ఆగాను. ఎలాగూ తాగాననే అనుకుంటున్నారు, ఆ ముచ్చట తీర్చుకుంటే పోలా అనిపించింది."

"తాగారా?"

ఆ మాట ఆమె అనలేదు. ఆమె నోరు అనేసింది. ఆయన తల తిప్పి ఆమె వైపు చూశాడు. కోపంగా చూసినా బావుండేది. అలసిపోయినట్టు చూశాడు.

"చూశావా?" అన్నాడు.

ఆమె మొహం దాచుకోలేదు. దాచుకోవాలనిపించింది గానీ, ఆ చూపు తనకి రావాల్సిందేనని అలాగే ఉండిపోయింది. కాసేపయ్యాక ప్రెసిడెంటు గారి షరతు చెప్పింది. ఆయన విని నవ్వబోయి ఆగాడు.

"నువ్వా? మేడ మీద పిట్టగోడ దగ్గరికి కూడా రావు. నిచ్చెన పట్టుకుంటావా?"

"ఎక్కేది నేను కాదుగా."

మర్నాడు మధ్యాహ్నానికి కూడలిలో జనం చేరారు. చుక్క చూడటానికి వచ్చినవాళ్ళు కొద్దిమంది, పడేవాణ్ణి చూడటానికి వచ్చినవాళ్ళు ఎక్కువ. కరెంటు బావ నక్షత్రాన్ని తాడుకి కట్టి స్తంభం వెనకాల నిలబడ్డాడు. పెయింటరు నడుముకి తాడు బిగించుకుంటుంటే, చెప్పుల షాపు గుమాస్తా ఒకడు ఏదో చూపిస్తున్న వంకతో దగ్గరికి వచ్చి ముక్కు ఎగబీల్చి పోయాడు. టైలరమ్మ చూసింది. పెయింటరూ చూశాడు. జనం వైపు చూడకుండా నిచ్చెన మీద కాలు పెట్టాడు.

ఆమె రెండు చేతులతో నిచ్చెన కాళ్ళు పట్టుకుంది. పైకి చూడకూడదు అనుకుంది. చూసింది. ముందు ఆయన మడమలు, తర్వాత చెప్పుల అడుగులు, తర్వాత ఆకాశంలో ఒక మనిషంత నలుపు. కరెంటు బావ తాడు లాగాడు, నక్షత్రం ఊగుతూ స్తంభాన్ని రాసుకుంటూ పైకి పోయింది. ఆయన దాన్ని అందుకుని ఒక చేత్తో స్తంభానికి అదిమిపెట్టి, రెండో చేత్తో తీగె చుట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడు నిచ్చెన వణికింది. సన్నగా, ఆగకుండా, ఇనుము చప్పుడయ్యేలా.

జనంలో గుసగుస లేచింది. "చేతులు చూడు", "చెప్పలా?", "దింపండ్రా ముందు" అంటున్నారు. బేకరీ ఆయన రెండడుగులు వెనక్కి వేసి మరీ తల ఊపాడు. ప్రెసిడెంటు గారు టైలరమ్మ చెవి దగ్గరికి వచ్చాడు.

"నిచ్చెన ఎలా వణుకుతోందో చూశావుగా. నిన్న చెప్పిందే నిజమమ్మా, నువ్వే సరిగ్గా పట్టావు. దిగిరమ్మని నువ్వే కేకెయ్, నీ మాటైతే వింటాడు. నిన్నెవరూ తప్పుపట్టరు."

నిజంగానే ఎవరూ తప్పుపట్టరు. అవునండీ అంటే చాలు. నిన్న పొద్దున అన్న మాట నిజమైపోతుంది, తను మంచి ఇల్లాలు అయిపోతుంది, ఆయన ప్రాణాలతో కిందికి వచ్చేస్తాడు. ఆమె పైకి చూసింది. అంత ఎత్తులో ఆయన చేతులు అసలు కనిపించనే లేదు. ఆయన వణుకుతున్నాడో లేదో ఆమెకి అక్కడి నుంచి తెలిసే దారి లేదు. తెలిసింది ఒక్కటే. ఆ వణుకు పైనుంచి కిందికి రావడం లేదు. తన మోచేతుల దగ్గర మొదలై, వేళ్ళలోంచి ఇనుములోకి దిగి, పైకి పోతోంది.

టైలరమ్మ గొంతు పెద్దది కాదు. మిషను చప్పుడు మీద మాట్లాడటానికి సరిపోయే గొంతు. ఆ రోజు మాత్రం కూడలి నాలుగు వైపులా వినిపించేలా అరిచింది.

"వణికేది ఆయన కాదు! నేను! నిచ్చెన పట్టుకుంది నేను, వణికేది నా చేతులు! అనుమానముంటే దగ్గరికొచ్చి చూసుకోండి!"

గుసగుస ఆగిపోయింది. ప్రెసిడెంటు గారు వంగి ఆమె చేతులు చూశాడు. మెటికలు తెల్లబడి, మోచేతుల దాకా గడగడలాడుతున్నాయి. ఆయన వెనక్కి తగ్గాడు.

ఆ అరుపు పైదాకా వెళ్ళింది. ఆయన తీగె చుట్టడం ఆపాడు, కిందికి మాత్రం చూడలేదు.

"భయమేస్తే నువ్వు తప్పుకో! బావ పట్టుకుంటాడు!"

కరెంటు బావ తాడు వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు. ఆమె ఆయన్ని రావద్దని తల అడ్డంగా ఊపి, నిచ్చెనని ఇంకొంచెం దగ్గరికి, గుండెకి ఆనించుకుంది.

"భయమేస్తోంది! అయినా నేనే పట్టుకుంటా!" అని పైకి అరిచింది. "మీరు కట్టండి!"